తెల్లబడిన పుస్తెలు

నరసరావుపేటలో కొత్త పౌడరో, కొత్త స్నోనో దిగిందంటే ఆ సంగతి ముందుగా తెలిసేది పున్నమ్మ ఎడమ చెంప మీద. కుడి చెంప దేవుడు ఇచ్చింది ఇచ్చినట్టే ఉండేది. ఎడమ చెంప వ్యాపారానిది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె వీధిలోకి వస్తే ఆడవాళ్ళు బుట్టలోకి చూడకముందే ఆమె మొహంలోకి చూసేవాళ్ళు.

పున్నమ్మ మొగుడు నాగులు నడికుడి వైపు నాపరాతి క్వారీలో పనిచేసేవాడు. ఒకరోజు మందు దట్టించిన రాయి పేలాల్సిన వేళకు పేలలేదు. ఏమైందో చూద్దామని దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు పేలింది. అప్పటికి పున్నమ్మకు ఇరవై ఆరేళ్ళు. పిల్లల్లేరు. అత్తవారింట ఎన్నాళ్ళని ఉంటుంది? పేట చేరి, ఒక ఫ్యాన్సీ షాపు ఆసామి ఇచ్చిన సరుకుతో బుట్ట ఎత్తుకుంది. సబ్బులు, తలనూనెలు, సవరాలు, పిన్నీసులు, రిబ్బన్లు, పౌడర్లు. గాజులు, పసుపు, కుంకుమ మాత్రం ఆమె బుట్టలో ఉండేవి కావు. మొగుడు పోయినదాని చేతుల మీదుగా వాటిని ఎవరూ తీసుకోరు.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే అమ్మింది. షాపులో ఏమి చెబితే అదే ఇళ్ళ ముందు అప్పజెప్పేది. నలభై ఒకటో సంవత్సరంలో అనుకుంటాను, గులాబీ రంగు పౌడరొకటి వచ్చింది. పత్తి తీతకు పోయే పిల్ల ఒకతె దాన్ని ముచ్చటపడి కొనుక్కుంది. నాలుగో రోజుకు ఆ పిల్ల మెడ నిండా పేలిపోయి, నీరు కారుతోంది. పున్నమ్మ నిర్ఘాంతపోయి చూస్తుంటే ఆ పిల్ల తల్లి తిట్టలేదు, కొట్టలేదు. ఒకే మాట అడిగింది.

"నువ్వు రాసుకుని చూశావా ముందు?"

ఆ మర్నాటి నుంచి కొత్త సరుకేదైనా ముందు ఆమె ఎడమ మోచేతి లోపలి వైపు మూడు రోజులు ఉండేది. అక్కడ ఏమీ కాకపోతే ఎడమ చెంప మీద ఎనిమిది రోజులు. ఆ తర్వాతే బుట్టలోకి. మొగుడు పోయిన మనిషి మొహాన పౌడరు రాసుకుని వీధిలోకి రావడం చూసి మొదటి వారం పేట ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కుళాయి దగ్గర ఒక ముసలమ్మ నేరుగానే అనేసింది.

"ఏమే పున్నీ, నాగులు పోయి మూడేళ్ళు కాలేదు. ఎవరికే ఈ సింగారం?"

"సింగారమైతే రెండు చెంపలకీ రాసుకుంటా గదా పిన్నీ," అంది పున్నమ్మ. "ఒక చెంపకి రాసుకుంటే దాన్ని పరీక్ష అంటారు."

మెల్లగా ఆమె మాటకు విలువ వచ్చింది. ఎందుకంటే ఆమె అమ్మే సరుకును ఆమే తిట్టేది. "ఈ సబ్బు నురగ మా బాగా వస్తది. ఒళ్ళు ఆరినాక చూసుకో, సున్నం కొట్టిన గోడలాగా బిగుసుకుంటది." "ఈ పౌడరు వాసన చానా బాగుంది, నీడపట్టున ఉండేవాళ్ళకి పనికొస్తది. మిరపతోటకి పోయేదానివి, నీకొద్దు. చెమటకి పిండిముద్దవుద్ది." "ఈ నూనె మంచిది, కానీ దిండు పాడైద్ది." ఇలా చెప్పేది. షాపు ఆసామి నెత్తి కొట్టుకునేవాడు. కానీ ఆమె 'బాగుంది' అన్న వస్తువు సాయంత్రానికి మిగిలేది కాదు. పేట చుట్టుపక్కల ఊళ్ళల్లో కూడా "పున్నమ్మ ఏమంది?" అని అడిగి కొనేవాళ్ళు తయారయ్యారు.

యుద్ధం ముదిరాక సీమసరుకు రావడం ఆగిపోయింది. ఆ ఖాళీలోకి ఎక్కడెక్కడివో కొత్త పేర్లు వచ్చాయి. అట్లా నలభై నాలుగులో సుందరం అనే ఏజెంటు బెజవాడ నుంచి తోలుసంచీ పట్టుకుని వచ్చాడు. నున్నగా దువ్విన జుట్టు, మెత్తని మాట. సంచీలోంచి తెల్లటి గాజుసీసా తీశాడు. దాని మీద నిండు చంద్రుడి బొమ్మ. పూర్ణిమా స్నో.

"వారం రోజులు చాలమ్మా. మనిషి రంగు మారుతుంది," అన్నాడు.

"ఇట్టాంటి మాటలు చెప్పిన సీసాలు నా చెంప మీద ఇరవై ఎండిపోయినయ్యి," అంది పున్నమ్మ.

"మీ చెంపే చెబుతుంది లెండి," అని నవ్వి సీసా ఇచ్చిపోయాడు.

మోచేతి మీద మూడు రోజులూ ఏమీ కాలేదు. మంట లేదు, దురద లేదు. చెంపకు మొదలుపెట్టింది. ఆరో రోజు పొద్దున మొహం కడుక్కుని, మామూలుగా అద్దం చేతిలోకి తీసుకుంది. అద్దం జారి ఒళ్ళో పడింది. మళ్ళీ తీసి చూసింది. ముక్కు నుంచి చెవి దాకా ఎడమ పక్క ఎవరిదో మొహంలా ఉంది. చామనఛాయ కాదు, గోధుమరంగు. కుడి పక్క తనదే. రెండు పక్కలకూ మధ్య ముక్కు దూలం గట్టులాగా ఉంది. తడిగుడ్డ పెట్టి రుద్దింది. పోలేదు. పౌడరు కాదు పోవడానికి, చర్మమే మారింది. ఆమెకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఇన్నేళ్ళలో చెప్పిన పని చెప్పినట్టు చేసిన సరుకును ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు వీధిలో ఆమె బుట్ట దించనే లేదు. ఆడవాళ్ళు గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకామె వేలితో గీకింది. ఒకామె నోరు తెరిచి మూయడం మర్చిపోయింది. అందరూ అడిగింది ఒకటే: "నిజమేనా పున్నక్కా?"

ఎనిమిది రోజులూ గడవనిచ్చి పున్నమ్మ తన మాట చెప్పింది. "నిజమే. పనిచేస్తంది. నాకే కీడూ కనపళ్ళా."

ఆ ఒక్క మాట మీద పేటలోనూ సత్తెనపల్లి దారి పొడుగునా ఉన్న ఊళ్ళలోనూ పూర్ణిమా స్నో లేని ఇల్లు లేకుండా పోయింది. ఆమె రెండు చెంపలూ పక్కపక్కన చూస్తే తప్ప నమ్మనివాళ్ళు ఉంటారని సుందరం చెప్పడంతో ఆమె ఎనిమిది రోజులకు ఆపలేదు. రోజూ రాస్తూనే ఉంది. నెలన్నర దాటింది. నోట్లో ఏదో కనరు రుచి, పొద్దున ఉమ్మేస్తే చిగుళ్ళ నుంచి నెత్తురు. వక్కాకు ఎక్కువైందనుకుని వక్కాకు తగ్గించింది.

ముప్పాళ్ళలో పెదకోటయ్య గారి ఇంటికి కూడా ఆ స్నో వెళ్ళింది. పెద్ద ఆసాములు. పెదకోటయ్య ఊళ్ళో పదిమందికి తగవులు తీర్చే మనిషి. కోడలు రామాయమ్మ నల్లని పిల్ల, కళ గల మొహం. అత్తగారు అలివేలమ్మ ఆ నలుపును రోజుకొకసారైనా గుర్తు చేయకుండా ఉండేది కాదు. పున్నమ్మ వెళ్ళినప్పుడల్లా రామాయమ్మ పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగేది, రంగుకేమన్నా ఉందా అని. లేదనే చెప్పేది పున్నమ్మ. పూర్ణిమా స్నో వచ్చాక మొదటి సీసా ఆ పిల్లకే ఇచ్చింది. మొహానికీ మెడకీ కలిపి రాసుకోమని చెప్పింది కూడా తనే.

ఆ రోజు పది గంటల వేళ పున్నమ్మ ముప్పాళ్ళలో అడుగు పెట్టేసరికి పెదకోటయ్య గారి ఇంటి ముందు జనం. లోపలి నుంచి అలివేలమ్మ ఏడుపు. ఎవరో పోయారనుకుంది. జనాన్ని తప్పించుకుని వాకిట్లోకి వెళ్ళి చూసింది.

రామాయమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మొహం తెల్లగా ఉంది, స్నో వల్ల వచ్చిన తెలుపు కాదు. రెండు చేతులతో మెడలోని పుస్తెలు పట్టుకుంది. బంగారు పుస్తెలు వెండిలా, కాదు, సీసంలా తెల్లబడి ఉన్నాయి. ముక్కుపుడక కూడా అంతే.

ఆమె మొగుడు వ్యాజ్యం పని మీద గుంటూరు వెళ్ళి రెండు రోజులైంది. పుస్తెలు తెల్లబడ్డాయంటే అతనికి ఏమో అయిందని అలివేలమ్మ గుండెలు బాదుకుంటోంది. టెలిగ్రాం ఇవ్వడానికి ఒక మనిషి సైకిలు మీద సత్తెనపల్లి పరిగెత్తాడట. పెదకోటయ్య మాత్రం ఏడవలేదు. ఆ పుస్తెలు చేసిన బ్రహ్మయ్యాచారిని పిలిపించి వాకిట్లో నిలబెట్టాడు.

"ఏందయ్యా ఆచారీ ఇది? బంగారం ఇస్తే సీసానికి పూత పూసి ఇచ్చావా?"

బ్రహ్మయ్య అరవై ఏళ్ళ మనిషి. దగ్గరికి వెళ్ళి పుస్తెల వంక వంగి చూశాడు, వేలితో తాకాడు, వేలిని చూసుకున్నాడు.

"నా చేతుల్తో చేసిన పుస్తెలయ్యా ఇవి. నేను తప్పు చేసుంటే ఈడనే నా కుంపట్లో చెయ్యి పెడతా. ముందు వాటిని నాకియ్యండి."

పసుపుకొమ్ము దారానికి కట్టి రామాయమ్మ మెడలో వేసి, పుస్తెలు తీసి ఇచ్చారు. బ్రహ్మయ్య కుంపటి రాజేశాడు. "ఆ పొగ మంచిది కాదు, దూరం జరగండి," అని అందరినీ వెనక్కి పంపి, తాను మొహం పక్కకు తిప్పుకుని ఊదుగొట్టంతో మంట ఊదాడు. తెల్లదనం మెల్లగా పైకి తేలిపోయింది. కింద నుంచి పచ్చని బంగారం బయటపడింది.

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పెదకోటయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. బ్రహ్మయ్య మొహంలో మాత్రం సంతోషం లేదు.

"పాదరసం," అన్నాడు. "ఈ ఇంట్లో పాదరసం యాడుందమ్మా?"

"పాదరసమా? మా ఇంట్లో అదెందుకుంటది?" అంది అలివేలమ్మ ఏడుపు ఆపి.

"బంగారాన్ని ఇట్టా తెలుపు చేసేది అదొక్కటే. అమ్మాయ్, మెడకేం పూస్తన్నావు?"

రామాయమ్మ కళ్ళెత్తి జనంలో ఉన్న పున్నమ్మ వైపు చూసింది. ఆ చూపుతోపాటే వాకిట్లో ఉన్న వాళ్ళందరి చూపులూ తిరిగాయి. పున్నమ్మ బుట్ట దించి, అందులోంచి చంద్రుడి బొమ్మ ఉన్న సీసా ఒకటి తీసి, ఎవరూ అడగకముందే తీసుకెళ్ళి బ్రహ్మయ్య ముందు పెట్టింది.

అతను మూత తీసి వాసన చూశాడు. తన సంచీలోంచి బియ్యపుగింజంత బంగారు ముక్క తీసి, ఆ స్నోతో బాగా రుద్ది, ఆకులో చుట్టి, వెచ్చటి బూడిద పక్కన పెట్టాడు. "ఒక జాము సేపు ఆగండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పున్నమ్మను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. గోడ వారగా కూలబడింది. ఆ ముక్క పచ్చగానే ఉండాలని మొక్కుకుంది. ఎనిమిది రోజులు చూశాను గదా, నెలన్నర నుంచి నా మొహాన ఉంది గదా, నాకేం కాలేదు గదా అని తనకు తాను చెప్పుకుంది. అప్పుడు తట్టింది. తన ఒంటి మీద బంగారం ఏది? పుస్తెలు నాగులుతో పోయాయి. ముక్కుపుడక తీసేసి ఆరేళ్ళు. తెల్లబడటానికి తన దగ్గర ఏముంది? తాను చేసిన పరీక్షలో ఇది ఎన్నటికీ తేలేది కాదు.

బ్రహ్మయ్య ఆకు విప్పాడు. బంగారు ముక్క తెల్లగా ఉంది.

"అమ్మాయ్," అని అతను పున్నమ్మను పిలిచాడు, కోపంగా కాదు. "నోట్లో రాగికాసు చప్పరిస్తన్నట్టు రుచి తగుల్తందా?"

పున్నమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"చిగుళ్ళు వాచినయ్యా? నెత్తురొస్తందా?"

ఆమె తల ఊపింది. అటు రామాయమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నోటి మీదికి వెళ్ళింది.

"మా నాయన దేవుడి విగ్రహాలకి పాదరసంతో బంగారు పూత పూసేవాడు," అన్నాడు బ్రహ్మయ్య. "నలభై ఏళ్ళకే పళ్ళన్నీ రాలిపోయినయ్యి. ఆనక చేతులు వణుకు. పట్టకారు పట్టుకోలేకపోయేవాడు. చివరికి మమ్మల్ని చూసి సిగ్గుపడి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ పని నేను మానేసింది అందుకే. దాన్ని మొహానికి పూసుకునేవాళ్ళు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదమ్మా."

అలివేలమ్మ లేచింది. కొంగుముడి విప్పి, అందులోంచి ఒక వస్తువు తీసి బ్రహ్మయ్య ముందు పెట్టింది. ముక్కుపుడక. తెల్లగా ఉంది.

"మూడు రోజులైంది," అంది. "ఎవరికన్నా చెప్తే కీడంటారని తీసి దాచా."

పెదకోటయ్య కళ్ళు పెద్దవి చేసి భార్య వంక చూశాడు. "నీకేందే? కోడలి స్నో నీకెందుకే ఈ వయసులో?"

"మీయమ్మ బతికినన్నాళ్ళూ నన్ను నల్లదానా అనే పిలిచింది. పేరు పెట్టి పిలవలేదు," అంది అలివేలమ్మ. "తెల్లగుంటే ఎట్టుంటదో ఒక్కసారి చూసుకుందామనుకున్నా."

రామాయమ్మ అత్తగారి వంక అలా చూస్తూ ఉండిపోయింది. పెదకోటయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని దొడ్లోకి వెళ్ళిపోయాడు.

పున్నమ్మ రామాయమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది. "మంచిదని నేనే చెప్పా తల్లీ. నా మాట నమ్మావు." మధ్యాహ్నం బస్సులో గుంటూరు నుంచి రామాయమ్మ మొగుడు నిక్షేపంలా దిగాడు. వాకిట్లో కుంపటి, జనం చూసి అతను అదిరిపడ్డాడని తర్వాత తెలిసింది. అప్పటికి పున్నమ్మ పేట దారి పట్టింది.

మర్నాటి నుంచి ఆమె అమ్మిన ప్రతి ఇంటికీ తిరిగింది. సీసా తిరిగి ఇచ్చేయండి, బదులు సబ్బు తీసుకోండి అని చెప్పింది. పాదరసం సంగతి, పుస్తెల సంగతి చెప్పింది. అందరూ హడలిపోయి సీసాలు బయట పారేస్తారనుకుంది. కొందరు పారేశారు. చాలామంది అడిగింది విని ఆమె తల తిరిగిపోయింది.

"అయితే బంగారం తీసి రాసుకోవాలన్నమాట?"

"బంగారం కాదమ్మా, నీ ఒళ్ళు! నీ పళ్ళు!"

"పళ్ళకి రాసుకోం గదా పున్నక్కా."

పల్నాడు బస్టాండు వెనక వీధిలో రాములమ్మ అనే ఆమె ఉండేది. ఆమె కూతురు నాంచారుకు పదిహేడేళ్ళు. అప్పటికి రెండు సంబంధాలు రంగు చూసి వెనక్కి పోయాయి. పున్నమ్మ వెళ్ళేసరికి ఆ పిల్ల గోధుమరంగు మొహంతో గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. రాములమ్మ సీసా ఇవ్వలేదు.

"పదిరోజుల్లో గురజాల నించి చూసుకోను వస్తన్నారు. ఆ పదిరోజులూ రాయనియ్యి. పెళ్ళయ్యాక ఆపేస్తది."

"వద్దు పిన్నీ, నా మాట ఇను."

"నీ మాట ఇనే గదా కొన్నది!" అంది రాములమ్మ, తలుపు వేసేసింది.

పున్నమ్మ ఆ మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడింది. తనకు ఎదురు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఉన్నది తన మాటే.

సుందరం మళ్ళీ వచ్చినప్పుడు అంతా చెప్పి, తెల్లబడిన బంగారు ముక్క చూపించింది. బ్రహ్మయ్య దాన్ని కరిగించకుండా ఆమెకే ఇచ్చాడు. సుందరం దాన్ని చూశాడు, సీసాను చూశాడు. అతని మొహంలో రంగు మారింది. "నాకు తెలియదమ్మా, ఒట్టు," అన్నాడు. అది నిజమేననిపించింది ఆమెకు. కానీ తర్వాతి వారం అతను పక్క వీధిలోని ఇంకొక షాపుకు అదే సీసాలు వేసిపోయాడు.

మానేసిన నెలకు పున్నమ్మ ఎడమ చెంప వెనక్కి తిరిగింది. చామనఛాయకు వచ్చి ఆగలేదు. ఇంకా కిందికి దిగి, పలకరంగు మచ్చలుగా నిలిచిపోయింది. కింది వరసలో ఒక పన్ను ఊడింది. మిషను ఆసుపత్రిలో నర్సు దయామణి నోరు చూసి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని, ఆ స్నో ఛాయలకు పోవద్దని చెప్పింది. "ఇట్టాంటి నోళ్ళు ఈ నెలలో నీతో కలిపి తొమ్మిది చూశాను పున్నమ్మా. ఎందుకో ఇప్పటిదాకా నాకు అంతు చిక్కలేదు," అంది. తొమ్మిది అన్న మాటకు పున్నమ్మ బల్ల మీదే కూలబడింది. ఆ తొమ్మిదిమంది పేర్లూ ఆమె అడగకుండానే చెప్పగలదు.

ఆ తర్వాత ఆమె మొహం కప్పుకోలేదు. సంత రోజున నడి బజార్లో కూర్చుని నోరు తెరిచి ఊడిన పన్ను జాగా చూపించేది, మచ్చల చెంప చూపించేది. "ఇది కూడా ఆ స్నో పనే. ముందు చెప్పింది సగమే, మిగతా సగం ఇది," అనేది. కొంతమంది విన్నారు. కొంతమంది మొహం తిప్పుకుని పక్క షాపుకు పోయారు. రామాయమ్మకూ అలివేలమ్మకూ చిగుళ్ళు మూడు నెలల్లో నయమయ్యాయి. రంగు ఎప్పటి రంగే అయింది. ఆ ఇంట్లో నలుపు మాట మళ్ళీ వినపడలేదని పని మనుషులు చెప్పుకున్నారు.

రెండేళ్ళు గడిచాయి. నలభై ఆరు ఎండాకాలంలో పున్నమ్మ సత్తెనపల్లి స్టేషను ముందు పేట బస్సు కోసం చూస్తోంది. మాచర్ల బండి వచ్చే వేళ. బెంచీ మీద తెల్లటి ఆడమనిషి ఒకతె ఏడాది పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడో చూసినట్టుంది. పిల్ల నోటికి పాలసీసా అందించబోతే ఆ మనిషి చెయ్యి వణికి పాలు పిల్ల చెవిలో పడ్డాయి. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ వణికింది. పిల్ల గుక్కపట్టింది.

పున్నమ్మ పరుగున వెళ్ళి సీసా అందుకుంది. మొహంలోకి చూసి కొయ్యబారిపోయింది. నాంచారు. పందొమ్మిదేళ్ళ పిల్ల. నవ్వబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకా రాస్తన్నావా?" అంది పున్నమ్మ.

నాంచారు అటూ ఇటూ చూసింది. "ఆపితే నల్లబడతా గదక్కా. వాళ్ళు తెల్లపిల్లనని చేసుకున్నారు. మొదటి నెల ఆపి చూశా. మొహం మబ్బేసినట్టయింది. మా అత్త ఒంట్లో బాలేదా అంది. మళ్ళీ మొదలుపెట్టా. అమ్మ పంపిస్తా ఉంటది."

"మీ ఆయనకి తెలుసా?"

"అమ్మో!"

"చేతులు ఎందుకు వణుకుతున్నయ్యో తెలుసా ఆళ్ళకి?"

"గాలి సోకిందంటన్నారు. రెండు తాయెత్తులు కట్టించారు."

పేట బస్సు వచ్చి హారను కొట్టింది. పున్నమ్మ దాని వంక చూడలేదు. గురజాలకు టిక్కెట్టు తీసుకుని, పిల్లను తన భుజాన వేసుకుని, నాంచారుతోపాటు మాచర్ల బండి ఎక్కింది. దారంతా నాంచారు బతిమాలుతూనే ఉంది, చెప్పొద్దని. పున్నమ్మ పిల్లకు పాలు పడుతూ కూర్చుంది.

నాంచారు మొగుడు యల్లమంద గురజాల రోడ్డు మీద బొగ్గు గ్యాసుతో నడిచే బస్సుకు డ్రైవరు. వాళ్ళు చేరేసరికి ఇంటి ముందు నిలబడి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల నుంచి కాలి దాకా మసి. కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు.

పున్నమ్మ బుట్ట దించి సూటిగా చెప్పేసింది. "నాయనా, నీ పెళ్ళాం నల్లపిల్ల. తెల్లగా కనపడేది ఒక స్నో వల్ల. దాన్ని ఈ ఇంటికి తెచ్చింది నా మాట. అందులో పాదరసం ఉంది. గాలీ లేదు ధూళీ లేదు, ఆ చేతుల వణుకు దానివల్లనే."

నాంచారు గుమ్మంలోనే కూర్చుండిపోయింది. లోపలి నుంచి వచ్చిన అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యల్లమంద చేతిలోని చెంబు కిందపడి నీళ్ళన్నీ మట్టిలో కలిశాయి. అతను పెళ్ళాం చేతుల వంక చూశాడు.

"దీనివల్లనా?" అన్నాడు. "మాచర్ల దాకా తిప్పాను దాన్ని, మంత్రగాళ్ళ చుట్టూ. రంగు కోసం ఇంత పని చేశావంటే! ఒసేయ్, పొద్దున పోతే చీకటి పడినాక ఈ మసి మొహంతో వస్తాను. నా మొహమే నాకు ఆనదు. నీ మొహం ఏ రంగో నేనెప్పుడు చూశానే?"

నాంచారు అప్పుడు ఏడ్చింది. లోపలికి వెళ్ళి, బట్టల పెట్టె అడుగు నుంచి మూడు సీసాలు తెచ్చింది. యల్లమంద వాటిని పెంటదిబ్బ మీదికి విసరబోతే పున్నమ్మ ఆపింది, గొడ్లు మూతి పెడతాయని. ఊరి బయట బీడు నేలలో, బావులకు దూరంగా, గొయ్యి తీసి పూడ్చారు. గొయ్యి తవ్వింది యల్లమంద, సీసాలు తన చేతులతో పెట్టింది నాంచారు.

వారం తిరక్కుండా ఆమెను పేట తీసుకొచ్చి దయామణికి చూపించారు. నెలకొకసారి పున్నమ్మ గురజాల వెళ్ళి చూసి వచ్చేది. మొహం మబ్బేసింది, మచ్చలు తేలాయి, తర్వాత మెల్లగా సొంత రంగుకు వచ్చింది. అత్తగారు మొదట్లో ముభావంగా ఉంది. ఇరుగుపొరుగు ఏమంటారోనని కొన్నాళ్ళు కోడలిని పేరంటాలకు తీసుకెళ్ళలేదు. తర్వాత తనే మర్చిపోయింది. చేతుల వణుకు తగ్గడానికి మాత్రం ఏడాది పైన పట్టింది. రాములమ్మ పున్నమ్మతో మళ్ళీ మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే తల దించుకుని పోయేది. పున్నమ్మ కూడా పలకరించలేదు. పలకరించి ఏమి చెబుతుంది?

నలభై ఎనిమిదిలో నాంచారుకు రెండో కాన్పు. మొగపిల్లవాడు. పురిటి స్నానం రోజున పున్నమ్మ బుట్టతో సహా వెళ్ళింది. అప్పటికి యుద్ధం అయిపోయి బజార్లోకి మళ్ళీ రకరకాల సరుకు వచ్చిపడింది. పసిపిల్లల సబ్బంటూ నాలుగు రకాలు ఆమె బుట్టలోనే ఉన్నాయి. అత్తగారు మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అడిగింది.

"వీడికి ఏ సబ్బు రుద్దమంటావమ్మా? నువ్వేదంటే అదే."

పున్నమ్మ బుట్టలోకి చూసింది. నాలుగూ తన మోచేతి మీద మూడేసి రోజులు ఉన్నవే. ఒకదాన్ని తీసింది, తిప్పి చూసింది, మళ్ళీ లోపల పెట్టి మూత వేసేసింది.

"శనగపిండి పెట్టి నీళ్ళు పొయ్యి పెద్దమ్మా," అంది. "ఆడి ఒళ్ళు చానా లేతది."